కనుబొమ్మ మీది మచ్చను ఎక్కడ దాచుకోవాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు ఫోను చేసి, ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ముప్ఫై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాడికి ఇంకేం తెలుస్తుందని ఆయన అనుకుని ఉంటారు. అందులో తప్పు లేదు. రోజూ నడవండి, నూనె తగ్గించండి, రాత్రి తొందరగా పడుకోండి. ఆరోగ్యం అయిపోయింది. (నవ్వులు) మిగిలిన సమయమంతా ఒక కిక్‌బాక్సర్ గురించి మాట్లాడతానని చెబితే, ఆయన వెంటనే అడిగిన ప్రశ్న: "ఎన్ని గెలిచాడండీ?"

మనకు అలవాటైన ప్రశ్నే. క్రికెటర్ అయితే ఎన్ని పరుగులు, పరుగు పందెగాడైతే ఎన్ని సెకన్లు. నేనూ పిల్లలకు అదే నేర్పాను. కానీ ఈ మనిషి విషయంలో ఆ ప్రశ్న పనికిరాదు. అది ఎందుకో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

కంబోడియా పేరు ఈమధ్య మన పత్రికల్లో ఎందుకు వస్తోందో మీకు తెలుసు. ఉద్యోగాలని ఆశపెట్టి మన కుర్రవాళ్లను తీసుకుపోయి, గదుల్లో కూర్చోబెట్టి ఫోను మోసాలు చేయించారు. 2024లో విశాఖపట్నం పోలీసులు పూనుకుని కొందరిని వెనక్కి రప్పించారు. అది తప్పిస్తే మనకు తెలిసింది అంగ్‌కోర్ వాట్. ఆ గుడికీ ఈ మోసాలకూ నడుమ తొమ్మిది వందల ఏళ్లు ఉన్నాయి. మన లెక్కలో అక్కడ ఎవరూ లేరు. అక్కడ ఒక మనిషిని నిలబెడదామని నా ప్రయత్నం.

ఆయన పేరు ఊమ్ రీ. 1975కు ముందు కంబోడియాలో పేరుమోసిన ఛాంపియన్. ఆయన ఆడిన ఆటను అక్కడ ప్రడాల్ సెరెయ్ అంటారు, ఇప్పుడు ఎక్కువగా కున్ ఖ్మేర్ అంటున్నారు. ప్రడాల్ అంటే ముష్టియుద్ధం. సెరెయ్ అంటే స్వేచ్ఛగా సాగేది. ఈ రెండో మాట పాళీ నుంచి వాళ్ల భాష ఖ్మేరులోకి వెళ్లింది, మనం స్వైరవిహారం అంటామే, ఆ 'స్వైర'కు దగ్గరి చుట్టం. అంటే పిడికిలి ఒక్కటే కాదు, కాలు, మోకాలు, మోచేయి, దేనితోనైనా కొట్టవచ్చు. మూడేసి నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు. చెబితే ఇంతే. చూస్తే వేరు.

నేను చూశాను. కొన్నేళ్ల కిందట ఒక యాత్రా బృందంతో అంగ్‌కోర్‌కు వెళ్లాను. తిరుగు ప్రయాణంలో రాజధాని నోమ్ పెన్‌లో ఒక సాయంత్రం ఖాళీ దొరికింది. బృందంలో ఆడవాళ్లు పట్టుచీరల కోసం బజారుకు వెళ్లారు, మగవాళ్లు సంచులు మోయడానికి వెంట వెళ్లారు. నన్ను మాత్రం హోటల్లో పనిచేసే కుర్రవాడు మోటారు సైకిలు మీద ఎక్కించుకుని ఊరి చివర ఒక టీవీ స్టూడియోకు తీసుకుపోయాడు. అక్కడ వారాంతాల్లో పోటీలను స్టూడియోల్లోనే పెట్టి నేరుగా ప్రసారం చేస్తారు. టికెట్టు లేదు. లోపలికి వెళ్తే రేకుల కప్పు, ఉక్క, చెక్క బల్లల మీద వందలకొద్దీ మగవాళ్లు. ఎవరూ కుదురుగా కూర్చోవడం లేదు. వేళ్లు పైకెత్తి ఒకరికొకరు సైగలు చేసుకుంటున్నారు. రెండు వేళ్లు, నాలుగు వేళ్లు, అరచేయి బోర్లా, అరచేయి వెల్లకిలా. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరి దగ్గర నిలబడినవాళ్లకు నేను వివరించాల్సిన పని లేదు. (నవ్వులు)

మాటవరసకు అన్నాను గానీ, ఈ పోలిక మరీ గాలిలోది కాదు. అంగ్‌కోర్‌లోని బాయోన్ గుడి గోడల మీద, అంటే 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట చెక్కిన రాతి మీద, కోడిపందెం ఉంది. దాని పక్కనే కుస్తీ పట్టేవాళ్లు ఉన్నారు. పందెం కాసేవాళ్ల చేతులు కూడా ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల తరవాత అవే చేతులు స్టూడియోలో నా ముందు లేచాయి.

రింగు పక్కన ఒక చాప మీద ముగ్గురు వాయిద్యగాళ్లు ఉన్నారు. ఒకరి దగ్గర స్రలాయ్, మన సన్నాయి లాంటిది. ఒకరి దగ్గర సంఫో, రెండు వైపులా వాయించే డోలు. మూడో ఆయన చేతిలో చిన్న తాళాలు, వాటిని ఛింగ్ అంటారు. పోటీకి ముందు ఇద్దరు కుర్రవాళ్లూ తలకు ఒక పట్టీ కట్టుకుని, సన్నాయి పాటకు తగ్గట్టు మెల్లగా, మోకాళ్ల మీద కూర్చుని లేస్తూ గురువుకు మొక్కుతారు. ఆ తలపట్టీ పేరు మొంకుల్. మన మంగళమే. గురువును క్రూ అంటారు. ఆ మాటను విడిగా చెప్పనక్కర్లేదు. మొక్కు అయ్యాక క్రూ దగ్గరికి వచ్చి, పెదవులతో ఏదో అనుకుంటూ శిష్యుడి తల మీద నుంచి మొంకుల్ తీసి తన మెడలో వేసుకుంటాడు. అప్పటిదాకా గోల చేసిన జనం ఆ ఒక్క క్షణం మెత్తబడతారు. నాకు అది బాగా నచ్చింది. మా స్కూల్లో ఆటల పోటీల ముందు ముఖ్య అతిథి ఉపన్యాసం ఉండేది. ఆ ఎండలో పిల్లలు సొమ్మసిల్లేవారు. (నవ్వులు)

మొదటి రెండు రౌండ్లు చప్పగా సాగాయి. ఒకడు ఎరుపు నిక్కరు, ఒకడు నీలం. ఒకరి కాలు ఒకరు పరీక్షించుకుంటున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనవాళ్లు కాలితో కొట్టడం అనగానే పాదంతో తన్నడం అనుకుంటారు. వీళ్ల అసలు దెబ్బ పాదంతో కాదు. మోకాలికీ చీలమండకూ నడుమ ముందువైపు చర్మం కిందే తగిలే ఎముక ఉంది చూడండి, మంచం కోడుకు తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది, ఆ ఎముకతో కొడతారు. నడుము తిప్పి, నేల మీద ఉన్న కాలి మునివేళ్ల మీద బొంగరంలా తిరిగి, ఒళ్లంతటి బరువునూ ఆ ఎముక మీదికి తెస్తారు. చిన్నప్పటి నుంచి అరటిబోదెలను, ఇసుక సంచులను కొట్టి కొట్టి దాన్ని గట్టిపరుస్తారు. దెబ్బ తిన్న ఎముక నెమ్మదిగా మందమవుతుంది. అది శరీర ధర్మం. అక్కడి నరాలు మొద్దుబారతాయి. నలభై ఏళ్లు దాటిన పాత యోధుడి కాలు నిమిరితే ఆ ఎముక మీద కంకర పరిచినట్టు ఎత్తుపల్లాలు తగులుతాయి.

మూడో రౌండు నుంచి సన్నాయి జోరందుకుంది. వాయిద్యగాళ్లు రింగు వైపు చూస్తూ వాయిస్తారు. ఆట వేడెక్కితే లయ పెరుగుతుంది, లయ పెరిగితే ఆట వేడెక్కుతుంది. ఏది ముందో నేను పట్టుకోలేకపోయాను. నాలుగో రౌండులో ఇద్దరూ మెడలు పట్టుకుని మోకాళ్లతో డొక్కల్లో పొడుచుకుంటున్నారు. ప్రతి పోటుకూ జనమంతా ఒక్క గొంతుతో "ఏయ్!" అంటున్నారు. రిఫరీ విడదీశాడు. విడిపోయి ఒక్క అడుగు వెనక్కి వేశారో లేదో ఎరుపు నిక్కరువాడు గాలిలో ఏదో గీత గీసినట్టు మోచేయి తిప్పాడు. చప్పుడు లేదు. నేనైతే తగల్లేదనే అనుకున్నాను. నీలం నిక్కరువాడు ఇంకో రెండడుగులు వేశాడు. అప్పుడు ఎడమ కనుబొమ్మ తెరుచుకుంది.

కనుబొమ్మ మీద చర్మం పలచన, దాని కింద ఎముక అంచు ఉంటుంది. బయటి నుంచి మోచేతి ఎముక, లోపలి నుంచి నుదుటి ఎముక. రెంటి మధ్య పడిన చర్మం కత్తితో కోసినట్టు చీలుతుంది. నెత్తురు నేరుగా కంట్లోకి కారుతుంది, కన్ను కనిపించదు, డాక్టరు చూసి ఆట ఆపిస్తాడు. ఖ్మేర్ యోధులకు మోచేయి మీద ఉన్న మోజు ఇంకే దెబ్బ మీదా లేదు. ఆ కుర్రవాడి క్రూ ఒక చల్లటి ఇనుప ముక్కను గాయం పక్కన ఒత్తిపెట్టి, అమృతాంజనం వాసన లాంటి తైలం ఏదో రాస్తున్నాడు. దగ్గరికి వెళ్లి చూశాను. ఆ క్రూకి అరవై పైనే. ఆయన రెండు కనుబొమ్మల మీదా తెల్లటి గీతలు ఉన్నాయి. ఎడమవైపు మూడు, కుడివైపు రెండు. వెంట్రుకలు మొలవని చోట్లు. ఆ రాత్రి హోటలు గదిలో పడుకున్నాక నాకు తట్టింది. ఇప్పుడు అరవై దాటినవాడంటే, ఆ నాలుగేళ్లనూ చూసినవాడు.

ఏ నాలుగేళ్లు అంటారా? చెబుతాను.

1970 మార్చిలో దేశాధినేత సిహనూక్‌ను పదవి నుంచి దించి సేనాని లోన్ నోల్ గద్దెనెక్కాడు. పల్లెల్లో యుద్ధం, పైనుంచి అమెరికా బాంబులు. ఊళ్లు విడిచిన రైతులందరూ నోమ్ పెన్‌కు చేరారు. నగరం ఇరవై లక్షలు దాటింది. 1975 ఏప్రిల్ 17న పోల్ పోట్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్ దళాలు, నగరంలోకి వచ్చాయి. వాళ్ల కొత్త సంవత్సరం పండుగ అప్పుడే అయింది. ఏప్రిల్ మధ్యలో వస్తుంది అది. మొదట జనం తెల్ల జెండాలు ఊపి ఆహ్వానించారు, యుద్ధం అయిపోయిందనుకుని. కొన్ని గంటల్లోనే అందరినీ నగరం విడిచి వెళ్లమన్నారు. అమెరికా బాంబులు వేస్తుంది, రెండు మూడు రోజులే, సామాను వద్దు అన్నారు. ఆసుపత్రుల్లో రోగులను మంచాలతో సహా తోయించారు. డబ్బు రద్దు చేశారు. రిజర్వు బ్యాంకు లాంటి వాళ్ల జాతీయ బ్యాంకు భవనాన్నే పేల్చేశారు. బడి లేదు, బజారు లేదు, గుడి లేదు. ఆట కూడా లేదు.

మనం గ్రంథాలయంలో ఉన్నాం కాబట్టి ఈ ఒక్క ముక్క చెప్పాలి. వాళ్ల జాతీయ గ్రంథాలయంలోని పుస్తకాలను వీధిలోకి విసిరేశారు, తగలబెట్టారు. ఆవరణలో పందులను పెంచారు. కార్యదర్శిగారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఎవరు ఎన్ని గెలిచారో రాసిన పాత పత్రికలూ, పోటీల కరపత్రాలూ, ఫొటోలూ ఆ పుస్తకాల దారినే పోయాయి.

ఖ్మేర్ రూజ్ తమ పాలనా యంత్రాంగాన్ని అంగ్‌కార్ అని పిలుచుకుంది. సంస్థ అని అర్థం. అందులో ఉన్నది మన అంగం అనే మాటే. అంగ్‌కార్ చూస్తుంది, అంగ్‌కార్ నిర్ణయిస్తుంది, అంగ్‌కార్‌కు అనాసపండుకు ఉన్నన్ని కళ్లు అనేవారు. నల్లబట్టలు, మెడలో గళ్ల తువ్వాలు, అందరూ పొలాల్లో. ప్రతి మనిషి చేతా జీవిత చరిత్ర చెప్పించేవారు, రాయించేవారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పుట్టిందెక్కడ, తండ్రి ఏం చేసేవాడు, నువ్వేం చేశావు. ఈసారి చెప్పింది పోయినసారి చెప్పిన దానికి భిన్నంగా ఉంటే అంతే. ఉపాధ్యాయులు కళ్లద్దాలు పారేశారు. చదువుకున్నవాళ్లు సైకిలు రిక్షా తొక్కేవాళ్లమని చెప్పుకున్నారు. అలా అబద్ధం చెప్పి చాలామంది బతికారు.

ఇప్పుడు ఒక ముష్టియోధుడి సంగతి ఆలోచించండి. పేరు మార్చుకోవచ్చు. ఊరు మార్చి చెప్పుకోవచ్చు. విరిగి అతికిన ముక్కును ఏం చేస్తాడు? కనుబొమ్మ మీది మచ్చను ఎక్కడ దాచుకుంటాడు? ఆ కాలి ఎముకను? కళ్లద్దాలు పారేసినట్టు వాటిని పారేయలేడు. వేల మంది కళ్ల ముందు రింగులో నిలబడ్డవాడు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన ఆ సైనిక కుర్రవాళ్లలో ఎవడైనా ఒకప్పుడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి అతని ఆట చూసి ఉండవచ్చు. ఆ గుర్తుపట్టడం అభిమానంగా మారుతుందో, వేలు చూపడంగా మారుతుందో ఎవరు చెప్పగలరు? సిన్ సిసమౌత్ అని వాళ్లకు ఘంటసాల అంతటి గాయకుడు ఉండేవాడు. రొస్ సెరెయ్ సోథియా అని గొప్ప గాయని. ఇద్దరూ ఆ కాలంలోనే మాయమయ్యారు. పేరున్న ముఖానికి ఆ రోజుల్లో అంత ప్రమాదం. ఊమ్ రీ ఆ ముఖంతో, ఆ ఒంటితో ఆ కాలాన్ని దాటారు. ఆయన గెలుపుల్లో నేను మొదట రాసుకునేది ఇదే.

వ్యాయామం చెప్పినవాడిగా నాకు ఇంకో బెంగ ఉంది. యోధుడి ఒళ్లు ఖరీదైన ఒళ్లు. కండ ఊరికే కూర్చున్నా తిండి అడుగుతుంది. పోటీకి ముందు బరువు దించడానికి వారం రోజులు కడుపు మాడ్చుకోవడం వాళ్లకు తెలుసు. కానీ అక్కడ పెట్టింది నాలుగు మెతుకులు తేలే గంజి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా కాలవలు తవ్వించేవారు. తిండి లేనప్పుడు ఒళ్లు ముందు కొవ్వును, ఆ తరవాత కండను తింటుంది. పదిహేనేళ్లు కష్టపడి కట్టుకున్న కండ తన కళ్ల ముందే కరిగిపోవడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. కంబోడియాలో ఏ ముసలాయనను అడిగినా ఆ కాలాన్ని మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు అని లెక్కపెట్టి చెబుతాడు. సుమారు నాలుగేళ్లు అనరు. 1979 జనవరి 7న వియత్నాం సేనలు నోమ్ పెన్‌లో అడుగుపెట్టేనాటికి సుమారు 17 లక్షల మంది పోయారు. దేశ జనాభాలో ఐదో వంతుకు పైనే. ఆకలి, రోగం, గొడ్డలి.

బతికినవాళ్లలో చాలామంది థాయిలాండ్ సరిహద్దుకు నడిచారు. అక్కడ ఖావో ఇ దాంగ్ అనే శిబిరాన్ని 1979 నవంబరులో తెరిస్తే కొన్ని నెలల్లోనే లక్ష మంది దాటారు. ఆ సరిహద్దు శిబిరాల నుంచి అమెరికాకు, ఫ్రాన్సుకు, ఆస్ట్రేలియాకు వెళ్లారు. ఊమ్ రీ అమెరికా చేరారు. చివరకు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో స్థిరపడ్డారు.

లాంగ్ బీచ్ ఎందుకని నాకు సందేహం వచ్చింది. మన వాళ్లు డాలస్‌కూ న్యూజెర్సీకీ ఎందుకు వెళ్లారు? ముందొకరు వెళ్లారు కాబట్టి. ఇక్కడా అదే. 1950, 60లలో అక్కడి విశ్వవిద్యాలయానికి కొందరు కంబోడియా విద్యార్థులు చదువుకోవడానికి వచ్చారు. దేశం కూలిపోయాక కొద్దిమంది అక్కడే ఉండిపోయారు. శరణార్థులు రావడం మొదలయ్యాక వాళ్లే ఎదురెళ్లి తెచ్చుకున్నారు. అలా ఆ ఊరు కంబోడియా వెలుపల ఖ్మేర్ జనం అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటైంది. అనహైమ్ వీధిలో ఒక భాగానికి 2007లో కంబోడియా టౌన్ అని అధికారికంగా పేరు పెట్టారు.

ఆ వీధిలో వచ్చిన కష్టం ఇంకో రకం. పెద్దవాళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేచే మనుషులు. పిల్లలకు ఏమీ చెప్పరు. పిల్లలు బడికి వెళ్తే అక్కడ వేరే కుర్రవాళ్లు కొడతారు. కొట్టించుకున్న పిల్లలు జట్లు కట్టారు. 1980ల చివరకు వచ్చేసరికి ఆ జట్లు తుపాకులు పట్టుకుని ఒకరినొకరు కాల్చుకునే దాకా పోయాయి. పోల్ పోట్ చేతిలో చావని కుటుంబాల పిల్లలు అమెరికా వీధిలో పదహారేళ్లకు చచ్చిపోయారు.

ఊమ్ రీ ఆ ఊళ్లో, 1980లలో, కిక్‌బాక్సింగ్ నేర్పే వ్యాయామశాల పెట్టారు. తాలింఖానా అందాం, మన పాత మాట అదేగా. అమెరికాలో ఈ విద్యను నేర్పడం మొదలుపెట్టిన తొలి తరంవాళ్లలో ఆయన ఒకరు. ఇంగ్లీషు అంతంత మాత్రమైన మనిషి తల్లకిందులైన దేశంలో ఏం చెప్పి నేర్పుతాడు? ఇది నాకు బాగా తెలిసిన సంగతి, ఎందుకంటే మా డ్రిల్లు మాస్టర్లకు మాటలతో పని తక్కువ. కుర్రవాడి భుజం పట్టుకుని ఇలా తిప్పుతాం. మడమను మన కాలితో ఇటు జరుపుతాం. మనం ఒకసారి చేసి చూపిస్తాం. ఆ ఒంటి నుంచి ఈ ఒంటికి పోతుంది. పుస్తకాలు కాలిపోయినా పోనిది అదొక్కటే. రాతలో ఉన్నదంతా అంగ్‌కార్ కాల్చింది, ఒంట్లో ఉన్నదాన్ని మాత్రం ఆ ఒళ్లు బతికి ఉన్నంతకాలం ఏమీ చేయలేకపోయింది. ఏ మచ్చ వల్ల ప్రాణం పోయే ప్రమాదం ఉండేదో, లాంగ్ బీచ్‌లో ఆ మచ్చే ఆయన అర్హతాపత్రం. చాలా ఏళ్ల తరవాత తన కుమార్తె తోడ్పాటుతో ఆయన తన కథను పుస్తకంగా చెప్పుకున్నారు. పిల్లలకు చెప్పని తరంలో అది చిన్న విషయం కాదు. తండ్రి నోరు విప్పడం, కూతురు కూర్చుని వినడం.

అలాంటివాడే ఇంకొకాయన ఉన్నారు, సాన్ కిమ్ సియాన్. బొకాటర్ అనే పాత యుద్ధవిద్య ఆయనది. ఆయనా అమెరికా వెళ్లినవారే, లాంగ్ బీచ్‌లో ఉన్నవారే. తిరిగి స్వదేశం వెళ్లి, బతికి ఉన్న పాత గురువుల కోసం ఊరూరా తిరిగారు. చాలామంది ఇంకా భయంతో నోరు విప్పలేదు. ఒప్పించి నేర్పించారు. 2022లో యునెస్కో ఆ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు నలభై ఏళ్ల ముందు దాన్ని తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టేవారు.

ఇక దేశంలో మిగిలినవాళ్ల సంగతి. 1990లలో శాంతి ఒప్పందం, ఎన్నికలు వచ్చాక టీవీలు వచ్చాయి, టీవీలతో పాటు పోటీలు పుంజుకున్నాయి. ఆ కాలపు హీరో పేరు 'ఏ ఫూథాంగ్'. కో కాంగ్ రాష్ట్రంవాడు, థాయి సరిహద్దు సముద్రతీరం. తండ్రే గురువు. ఆయన కాలిదెబ్బ తింటే అవతలివాడు రెండో రౌండుకు కుంటుతూ వచ్చేవాడు. ఆయన పోటీ ఉంటే టీ కొట్ల ముందు కుర్చీలు వీధిలోకి వచ్చేవి. దూరదర్శన్ కాలంలో ఆదివారం పొద్దున మన వీధులు ఎలా ఉండేవో గుర్తుందా? అలా. ఆయన గురించి విడిగా ఒక సాయంత్రం మాట్లాడుకోవచ్చు. ఇవాళ వదిలేస్తున్నాను.

పేరు గొడవ ఒకటి ఉంది, అది చెప్పకపోతే మీలో చదివినవాళ్లు అడుగుతారు. ఈ ఆట మాదంటే మాదని థాయిలాండ్‌కూ కంబోడియాకూ పాత తగాదా. థాయివాళ్లది ముయే థాయ్. ప్రపంచమంతా ఆ పేరే తెలుసు. 1990లలో ఇద్దరికీ కాని పేరు పెడదామని కంబోడియా ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదనల్లో ఒకటి సోవన్నఫూమ్ బాక్సింగ్. సువర్ణభూమి! థాయిలాండ్ ఒప్పుకోలేదు. 2023 మేలో ఆగ్నేయాసియా క్రీడలకు నోమ్ పెన్ ఆతిథ్యం ఇచ్చినప్పుడు, ఆతిథ్యం మాది కాబట్టి ఆట పేరు కున్ ఖ్మేర్ అన్నారు. థాయిలాండ్ ఆ పోటీలకు తన యోధులను పంపలేదు. రసగుల్లా మాదంటే మాదని బెంగాల్, ఒడిశా కొట్టుకున్నప్పుడు మనం నవ్వాం. చివరికి ఇద్దరికీ చెరొక గుర్తింపు ఇచ్చి పంపారు. నా మట్టుకు నాకు ఈ తగాదాలో పక్షం లేదు. కానీ నాలుగేళ్లలో అంతా పోగొట్టుకున్న జనం మిగిలిన ఒక్క వస్తువు మీద పేరు చెక్కుకోవాలని తాపత్రయపడితే వాళ్లను వెక్కిరించబుద్ధి కాదు.

కంబోడియాలోనే కో కెర్ అని పదో శతాబ్దపు రాజధాని ఒకటి ఉంది. అక్కడ ప్రసాత్ చెన్ అనే గుడిలో భీముడు, దుర్యోధనుడు గదాయుద్ధానికి సిద్ధమై ఎదురెదురుగా నిలబడిన నిలువెత్తు విగ్రహాలు ఉండేవి. అదే గుడిలో వాలి సుగ్రీవులు కలబడిన విగ్రహం కూడా. అది నోమ్ పెన్ మ్యూజియంలో ఉంది, చూశాను. ఇద్దరు వానరులూ ఒకరి నడుము ఒకరు పట్టిన పట్టు చూస్తే మన కోడి రామమూర్తి నాయుడుగారు కూడా భేష్ అంటారు. భీమ దుర్యోధనుల విగ్రహాలను మాత్రం అంతర్యుద్ధ కాలంలో దొంగలు చీలమండల దగ్గర నరికి ఎత్తుకుపోయారు. పాదాలు పీఠాలకు అంటుకుని అక్కడే ఉండిపోయాయి. దశాబ్దాల తరవాత అమెరికాలో దుర్యోధనుణ్ణి వేలానికి పెడితే, ఆ పాదాలే సాక్ష్యం చెప్పాయి. 2014లో ఇద్దరూ ఇంటికి చేరారు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం.

మా అమ్మాయి దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటుంది. పోయినసారి వెళ్లినప్పుడు నన్ను ఎక్కడికి తీసుకెళ్లమంటావు నాన్నా అంటే అనహైమ్ వీధికి అన్నాను. డిస్నీలాండ్ ఉన్న అనహైమ్ అనుకుంది పాపం. (నవ్వులు) వీధంతా తిరిగాం. నగల దుకాణాలు, ఖ్మేర్ అక్షరాలు, చేపల మార్కెట్టు వాసన. మధ్యాహ్నం ఒక డోనట్ల కొట్లోకి వెళ్లాం. ఆ రాష్ట్రంలో డోనట్ల కొట్లు చాలావరకు కంబోడియావాళ్లవే, గులాబీ రంగు అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. కౌంటరు వెనక డెబ్బై దాటిన పెద్దాయన, తెల్లటి టోపీ. పన్నెండు డోనట్లు అడిగాం. ఆయన పెట్టె మడుస్తుంటే నేను ఉండబట్టలేక, రింగు పక్కన నేర్చుకున్న రెండు మాటల్లో ఒకటి అన్నాను. "ప్రడాల్?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. టోపీ కొంచెం వెనక్కి జరిపాడు. ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంది. ఏమీ అనలేదు. పెట్టె పక్కన పెట్టి, సగం అడుగు ముందుకు వేసి, నడుము తిప్పి, మోచేతిని గాలిలో ఒక్కసారి అడ్డంగా కోశాడు. చప్పుడు లేదు. ఆ తరవాత పెట్టె మూత మూసి, టేపు అంటించి, పదమూడో డోనట్ ఒకటి కాగితంలో చుట్టి దాని మీద పెట్టి నా చేతికి ఇచ్చాడు.